కుష్ఠు రోగుల తోడు - ఫాదర్ దామియన్

వేడి తెలియని పాదం

1884వ సంవత్సరం. డిసెంబరు నెల. ఒకాయన చాలా దూరం తిరిగి ఇంటికి వచ్చారు. కాళ్లు పీకుతున్నాయి. వేడి నీళ్లు తెప్పించుకున్నారు. అందులో పాదం పెట్టారు. కాసేపటికి చూసుకుంటే పాదం బొబ్బలెక్కింది. నీళ్లు సలసల కాగి ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. మంట లేదు. చురుక్కుమనలేదు.

ఆయనకు అప్పుడు 44 ఏళ్లు. ఆయన పేరు దామియన్. క్రైస్తవ గురువు. అందరూ ఫాదర్ దామియన్ అని పిలిచేవాళ్లు. పాదానికి వేడి ఎందుకు తెలియలేదో ఆయనకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే పదకొండేళ్లుగా ఆయన కుష్ఠు రోగుల మధ్యే ఉంటున్నారు.

కుష్ఠు అంటే మన పల్లెల్లో పెద్ద రోగం అంటారు. ఆ మాట వింటేనే జనం భయపడతారు. మరి దామియన్ ఆ రోగుల దగ్గరికి ఎందుకు వెళ్లారు? అక్కడ ఏం చేశారు? ఆ జబ్బు సంగతి ఇప్పుడు ఎలా ఉంది? ఈ పాఠంలో చదువుదాం.

రైతు బిడ్డ

యూరప్ ఖండంలో బెల్జియం అనే చిన్న దేశం ఉంది. ఆ దేశంలో ట్రెమెలో ఒక పల్లె. 1840 జనవరి 3న ఆ పల్లెలో ఒక రైతు ఇంట దామియన్ పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్. ఇంటి పేరు దెవొస్తర్. పెద్ద కుటుంబం. తండ్రి వ్యవసాయం చేసేవాడు. ధాన్యం వ్యాపారం కూడా ఉండేది.

జోసెఫ్ చిన్నప్పటి నుంచి కష్టం తెలిసినవాడు. పొలం పని చేశాడు. బలమైన ఒళ్లు. మొండి పట్టుదల. వ్యాపారంలోకి దిగుతాడని తండ్రి ఆశపడ్డాడు. కొడుకు మాత్రం దేవుడి సేవ చేస్తానన్నాడు. అన్నయ్య అప్పటికే ఒక క్రైస్తవ మఠంలో చేరి ఉన్నాడు. 1859లో తమ్ముడు కూడా అదే మఠంలో చేరాడు. అక్కడ దామియన్ అని పేరు మార్చుకున్నాడు. పూర్వం దామియన్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన పేరే ఇది.

చేరాడు గానీ ఒక చిక్కు వచ్చింది. గురువు కావాలంటే లాటిన్ భాష రావాలి. దామియన్‌కు రాదు. అంత చదువు లేదని పెద్దలు అన్నారు. గురువు పదవికి పనికిరావన్నారు. మఠంలో చిన్నా చితకా పనులు చేసుకుంటూ ఉండమన్నారు.

దామియన్ ఊరుకోలేదు. తీరిక దొరికినప్పుడల్లా అన్నయ్య దగ్గర కూర్చున్నాడు. ఒక్కో మాటా నేర్చుకున్నాడు. కొద్ది కాలంలోనే లాటిన్ చదవడం వచ్చేసింది. పెద్దలు మనసు మార్చుకున్నారు. గురువు చదువుకు ఒప్పుకున్నారు.

చదువుకు వయసు అడ్డం కాదు. పట్టుదల ఉంటే చాలు. ఈ సంగతి చదువు వెలుగు చూసిన అక్కలకు వేరే చెప్పనక్కర్లేదు.

సముద్రం దాటిన ప్రయాణం

పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులు ఉన్నాయి. ఒక పక్క అమెరికా, ఇంకో పక్క జపాన్. రెండూ చాలా దూరం. ఇప్పుడు హవాయి అమెరికాలో ఒక రాష్ట్రం. అప్పుడు మాత్రం వేరే రాజ్యం. దానికి ఒక రాజు ఉండేవాడు.

ఆ దీవుల్లో పని చేయడానికి మఠం వాళ్లు దామియన్ అన్నయ్యను ఎంపిక చేశారు. ఓడలో చోటు కూడా ఖాయమైంది. ఇంతలో అన్నయ్యకు విషజ్వరం వచ్చింది. మంచం పట్టాడు. అప్పుడు దామియన్ మఠం పెద్దకు ఉత్తరం రాశాడు. అన్నయ్య బదులు తనను పంపమని అడిగాడు. పెద్ద సరే అన్నాడు.

1863 చివర్లో దామియన్ ఓడ ఎక్కాడు. అప్పటికి 23 ఏళ్లు. తల్లికి వీడ్కోలు చెప్పాడు. ఆ తల్లిని మళ్లీ చూడలేదు. సొంత ఊరికి మళ్లీ రాలేదు.

ఓడ నాలుగు నెలలకు పైగా నడిచింది. 1864 మార్చి 19న హొనలూలు రేవుకు చేరింది. ఆ ఏడాది మే 21న దామియన్ గురువు అయ్యారు. తర్వాత పెద్ద దీవిలో పల్లెలు తిరుగుతూ పని చేశారు. అక్కడి వాళ్ల భాష నేర్చుకున్నారు. వాళ్లు తినేదే తిన్నారు. రంపం, సుత్తి పట్టి చిన్న చిన్న గుళ్లు తనే కట్టారు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

వేరు చేసే జబ్బు

హవాయి జనానికి పెద్ద కష్టం వచ్చి పడింది. ఎక్కడెక్కడి నుంచో ఓడలు వచ్చేవి. ఓడలతో పాటు కొత్త జబ్బులు వచ్చాయి. మశూచి, తట్టు, గవద జ్వరాలు. ఆ జబ్బులను తట్టుకునే శక్తి అక్కడి వాళ్ల ఒంట్లో లేదు. వేలకు వేలు చనిపోయారు. ఒకప్పుడు లక్షల్లో ఉన్న జనం 1872 నాటికి 60 వేల లోపుకు పడిపోయారు.

ఆ జబ్బుల్లో కుష్ఠు ఒకటి. దానికి మందు లేదు. ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. 1865లో రాజు ఒక చట్టం చేశాడు. కుష్ఠు వచ్చిన వాళ్లను మిగతా వాళ్ల నుంచి వేరు చేయాలి. ఇదీ ఆ చట్టం.

మొలొకాయ్ అనే దీవిలో ఒక చోటు ఎంచుకున్నారు. దాని పేరు కలావుపాపా. మూడు పక్కలా సముద్రం. నాలుగో పక్క గోడలాంటి కొండ. ఎత్తు 1600 అడుగులకు పైనే. పారిపోవడానికి దారి లేదు. 1866 జనవరి 6న మొదటి రోగులను అక్కడ దించారు. 9 మంది మగవాళ్లు, 3 ఆడవాళ్లు. మొత్తం 12 మంది.

ఆ తర్వాత వందల మందిని తెచ్చారు. భర్తను తీసుకుపోతే భార్య రేవులో నిలబడి ఏడ్చేది. తల్లిని తీసుకుపోతే పిల్లలు ఓడ వైపు చేతులు చాచేవారు. రాణి గారి చుట్టాన్ని కూడా వదల్లేదు. రోగానికి పేదా గొప్పా తేడా లేదు కదా. అందుకే హవాయి జనం ఆ జబ్బుకు ఒక పేరు పెట్టుకున్నారు. 'వేరు చేసే జబ్బు' అని ఆ పేరుకు అర్థం.

కొందరు భార్యలు భర్తల వెంట వెళ్లారు. జబ్బు లేకపోయినా వెళ్లారు. కొందరు భర్తలు భార్యల కోసం వెళ్లారు. అలాంటి వాళ్లను అక్కడి భాషలో 'కోకువా' అంటారు. అంటే సాయం చేసేవాళ్లు. వాళ్లే రోగులకు వండి పెట్టారు. పుండ్లు కడిగారు. వాళ్ల పేర్లు చాలా వరకు పుస్తకాల్లోకి ఎక్కలేదు.

చెట్టు కింద పడక

కలావుపాపాలో రోగులకు తిండి పంపేవారు. బట్టలు ఇచ్చేవారు. అయినా అవి చాలేవి కావు. వైద్యం సరిగా లేదు. ఇళ్లంటే గడ్డి గుడిసెలు. బలం ఉన్నవాడిదే రాజ్యం. ఆడవాళ్లకూ పిల్లలకూ రక్షణ లేదు. ఈ చోట చట్టం లేదు అనే మాట అక్కడ వాడుక అయిపోయింది.

అయినా రోగులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. వచ్చిన మొదటి ఏడాదే కొందరు కలిసి ప్రార్థన సంఘం పెట్టుకున్నారు. 1871 నాటికి ఒక గుడి కట్టుకున్నారు. కాథలిక్కు రోగులు తమకు ఒక గురువు కావాలని అడుగుతూ వచ్చారు.

1873లో బిషప్ గారు గురువులను పిలిచి ఈ సంగతి చెప్పారు. ఒకరినే శాశ్వతంగా పంపడానికి ఆయనకు మనసు రాలేదు. నలుగురు గురువులు ముందుకు వచ్చారు. వంతుల వారీగా వెళ్దామనుకున్నారు. మొదటి వంతు దామియన్‌ది.

1873 మే 10న దామియన్ అక్కడ దిగారు. వయసు 33 ఏళ్లు. చేతిలో పెద్దగా సామాను లేదు. ఉండడానికి ఇల్లు లేదు. గుడి పక్కన ఒక మొగలి జాతి చెట్టు ఉంది. మొదట్లో ఆ చెట్టు కిందే పడుకున్నారు. కొద్ది రోజులకే తన నిర్ణయం చెప్పేశారు. ఇక తిరిగి రాను, ఇక్కడే ఉంటాను అన్నారు. మిగతా ముగ్గురి వంతు రానే లేదు.

నీళ్లు, ఇళ్లు, శవపెట్టెలు

మొదట్లో దామియన్‌కూ కష్టమే అయింది. పుండ్ల వాసనకు తల తిరిగేది. గుడిసెలోంచి బయటికి పరుగెత్తాల్సి వచ్చేది. ఆ వాసన తట్టుకోవడానికి పొగాకు గొట్టం అలవాటు చేసుకున్నారు. అయినా ఏ ఇంటినీ విడిచిపెట్టలేదు. రోజూ గుడిసె గుడిసెకూ తిరిగారు. పుండ్లు కడిగి కట్లు కట్టారు.

అన్నిటికన్నా ముందు నీళ్ల కష్టం. వేళ్లు లేనివాళ్లు, పాదాలు పుండ్లు పడ్డవాళ్లు దూరం నుంచి డబ్బాలతో నీళ్లు మోసుకునేవారు. తాగడానికే చాలకపోతే ఒళ్లు కడుక్కునేది ఎలా? బట్టలు ఉతుక్కునేది ఎలా? నీళ్లు మోసే కష్టం ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది! కొండ లోయలో ఒక నీటి గుంట ఉందని దామియన్ విన్నారు. వెళ్లి చూశారు. గొట్టాలు పంపమని ప్రభుత్వానికి రాశారు. గొట్టాలు వచ్చాయి. నడవగలిగిన రోగులను వెంటబెట్టుకుని వాటిని వేయించారు. ఊళ్లోకి నీళ్లు వచ్చాయి.

1874లో పెద్ద గాలివాన వచ్చింది. గుడిసెలు ఎగిరిపోయాయి. దామియన్ మళ్లీ ప్రభుత్వం వెంట పడ్డారు. కలప తెప్పించారు. రోగులతో కలిసి చెక్క ఇళ్లు కట్టారు. గడ్డి గుడిసెల చోట నేలకు ఎత్తుగా, శుభ్రంగా ఇళ్లు లేచాయి.

అక్కడ చావు లేని వారం ఉండేది కాదు. ముందు శవాలను పెట్టె లేకుండా పైపైన పాతేవారు. పందులు, కుక్కలు తవ్వి లాగేవి. దామియన్ శ్మశానానికి కంచె కట్టారు. తన చేతులతో శవపెట్టెలు చేశారు. అవి వందల సంఖ్యలో ఉంటాయి. గోతులు కూడా తవ్వారు. బతికి ఉన్నప్పుడు లేని గౌరవం చనిపోయాకైనా దక్కాలని ఆయన పట్టుదల.

తల్లిదండ్రులు లేని పిల్లలకు రెండు ఇళ్లు పెట్టారు. ఒకటి మగపిల్లలకు, ఒకటి ఆడపిల్లలకు. ఆడపిల్లల మీద చెయ్యి వేసేవాళ్లను కర్ర పట్టుకుని తరిమారు. సారా కాచే కుండలను పగలగొట్టారు. పాటలు నేర్పారు. మేళం పెట్టించారు. వేళ్లు తక్కువైనా వాళ్లు బాజాలు వాయించారు.

ఆయన రోగులతో కలిసి ఒకే పాత్రలో తిన్నారు. పిల్లలను ఎత్తుకున్నారు. కోపం వస్తే అరిచారు, తర్వాత కలిసి నవ్వారు. వేరు చేసిన చోట ఆయన వేరుగా ఉండలేదు. జనానికి ముందుగా నచ్చింది అదే.

పడవలోంచి పలికిన పాపాలు

దామియన్ వచ్చిన కొత్తలోనే అధికారులు ఒక ఆంక్ష పెట్టారు. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ బయటికి రాకూడదు. గురువు అయినా సరే.

కాథలిక్కుల్లో ఒక ఆచారం ఉంది. చేసిన తప్పులను గురువుకు రహస్యంగా చెప్పుకోవాలి. దాన్ని పాపసంకీర్తనం అంటారు. గురువులు కూడా ఇంకొక గురువుకు చెప్పుకోవాలి. దామియన్‌కు అక్కడ ఇంకొక గురువు లేరు. ఒకరోజు మఠం పెద్ద ఓడలో వచ్చారు. కెప్టెన్ ఆయన్ను ఒడ్డుకు దిగనివ్వలేదు. దామియన్ చిన్న పడవలో ఓడ దగ్గరికి వెళ్లారు. ఎక్కడానికీ వీల్లేదన్నారు. చేసేది లేక పడవలో నిలబడే, ఓడ మీద ఉన్న పెద్దకు వినబడేలా గట్టిగా తన తప్పులు చెప్పుకున్నారు. ఓడలోని వాళ్లంతా వింటూనే ఉన్నారు.

రోగిని వేరు చేస్తే ఎలా ఉంటుందో ఆయనకు ఆరోజు బాగా తెలిసింది. తర్వాత ఆ ఆంక్ష కొంత సడలించారు.

మెచ్చినవాళ్లు, గిట్టనివాళ్లు

1881లో హవాయి రాజు చెల్లెలు లిలియుఓకలాని ఆ చోటికి వచ్చారు. అన్న విదేశాలకు వెళ్లడంతో అప్పుడు రాజ్యం ఆమె చూస్తున్నారు. రోగులను చూసి ఆమెకు దుఃఖం ఆగలేదు. అనుకున్న ప్రసంగం చేయలేకపోయారు. తర్వాత దామియన్‌కు రాజ్యం తరఫున పతకం పంపారు.

దామియన్‌లో లోపాలు లేవా? ఉన్నాయి. ముక్కోపి. తను అనుకున్నదే కావాలనేవారు. కలప కావాలి, మందులు కావాలి, ఇంకో గురువు కావాలి అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవారు. అధికారులు విసుగుపడ్డారు. మఠం పెద్దలు కూడా విసుగుపడ్డారు. ఆయన చనిపోయాక ఒక పాదిరి గారు చెడుగా రాశారు. రాబర్ట్ లూయిస్ స్టీవెన్సన్ అనే పేరుపొందిన రచయిత దానికి 1890లో గట్టి జవాబు రాశారు. స్టీవెన్సన్ కాథలిక్కు కాదు. కానీ ఆ రోగుల దీవికి స్వయంగా వెళ్లి చూశారు. దామియన్‌లో లోపాలు ఉన్నాయని ఒప్పుకుంటూనే, ఆయన చేసిన పనిని ఎత్తి చూపారు.

జబ్బు వచ్చింది

పాదానికి వేడి తెలియని రోజు గురించి మొదట చదివాం. 1885లో డాక్టర్లు పరీక్ష చేసి జబ్బు ఖాయం చేశారు. దామియన్ దాచుకోలేదు. తన వాళ్లకు రాశారు. పని మానలేదు. ముఖం వాచింది. చెవులు ఉబ్బాయి. చేతులు పుండ్లు పడ్డాయి. అయినా గుడి కప్పు ఎక్కి మేకులు కొడుతూనే ఉన్నారు.

ఆయన జబ్బు వార్త పత్రికల్లో వచ్చింది. ప్రపంచం అప్పుడు కళ్లు తెరిచింది. డబ్బు వచ్చింది. మనుషులు వచ్చారు. 1886లో జోసెఫ్ డటన్ అనే మాజీ సైనికుడు అమెరికా నుంచి వచ్చి సాయం పట్టారు. ఆయన 40 ఏళ్లకు పైగా అక్కడే పని చేశారు.

మదర్ మరియాన్

ఇంకొక గొప్ప మనిషి ఉన్నారు. ఆమె పేరు మదర్ మరియాన్ కోప్. అమెరికాలో సన్యాసినుల మఠానికి పెద్ద. ఆసుపత్రి నడిపిన అనుభవం ఉంది. కుష్ఠు రోగులకు సేవ చేయడానికి సిస్టర్లు కావాలని హవాయి ప్రభుత్వం చాలా మఠాలకు రాసింది. అన్నీ కాదన్నాయి. ఆమె ఒక్కరే సరే అన్నారు. 1883లో ఆరుగురు సిస్టర్లతో ఓడ ఎక్కారు.

1885లో హొనలూలులో రోగుల ఆడపిల్లల కోసం ఒక ఇల్లు తెరిచారు. అక్కడే 1886లో దామియన్‌కు మరియాన్ సేవ చేశారు. 1888 నవంబరులో కలావుపాపాకు వెళ్లారు. చావుకు దగ్గరగా ఉన్న దామియన్‌కు ధైర్యం చెప్పారు. మీ పిల్లలను మేం చూసుకుంటాం అన్నారు.

తన సిస్టర్లలో ఒక్కరికీ జబ్బు రాదని ఆమె నమ్మకంగా చెప్పేవారు. చేతులు కడుక్కోవడం, శుభ్రత. ఈ రెండింటిలో ఆమె చాలా గట్టి. ఆమె ఆ చోట 30 ఏళ్లు పని చేశారు. 1918లో 80 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆమెకు గానీ, ఆమె సిస్టర్లకు గానీ కుష్ఠు రాలేదు.

దామియన్ 1889 ఏప్రిల్ 15న చనిపోయారు. వయసు 49. అక్కడ 16 ఏళ్లు గడిపారు. మొదట్లో తను పడుకున్న ఆ చెట్టు దగ్గరే ఆయన్ను పాతిపెట్టారు. 1936లో శవపేటికను బెల్జియం తీసుకుపోయారు. రోగులు ఏడ్చారు, వద్దన్నారు. చాలా ఏళ్ల తర్వాత, 1995లో, ఆయన కుడి చేతి ఎముకలను తిరిగి తెచ్చి పాత సమాధిలో ఉంచారు.

2009 అక్టోబరు 11న రోమ్ నగరంలో పోపు గారు దామియన్‌ను పునీతుడిగా ప్రకటించారు. 2012లో మదర్ మరియాన్‌ను పునీతురాలిగా ప్రకటించారు.

పీలాని కథ

దామియన్ పోయాక కూడా చట్టం అలాగే ఉంది. కవాయి అనే దీవిలో కోలావు అనే అతనికి కుష్ఠు వచ్చింది. చిన్న కొడుక్కూ వచ్చింది. భార్య పీలానికి రాలేదు. భార్యను వెంట రానివ్వమని అధికారులు చెప్పారు. భార్య లేకుండా పోనని అతను మొండికేశాడు. ముగ్గురూ లోయలోకి పారిపోయారు. పోలీసులు తుపాకులతో వచ్చారు. దొరకలేదు.

కొన్నేళ్లు వాళ్లు అడవిలో దాక్కుని బతికారు. ముందు కొడుకు చనిపోయాడు. తర్వాత భర్త చనిపోయాడు. ఇద్దరినీ పీలాని తన చేతులతోనే పాతిపెట్టింది. ఒంటరిగా ఇంటికి నడిచి వచ్చింది. ఆమె చెప్పిన కథను 1906లో పుస్తకంగా అచ్చు వేశారు.

కలావుపాపాలో పుట్టిన బిడ్డలను కూడా తల్లుల దగ్గర ఉండనిచ్చేవారు కాదు. పుట్టగానే తీసుకుపోయేవారు. వేరు చేసే చట్టం 1969లో గానీ పోలేదు. అప్పటికి సుమారు 8 వేల మందిని ఆ చోటికి పంపారు.

ఇంతమందిని వేరు చేశారు కదా, అంత అవసరం ఉందా? లేదు. ఎందుకో చూద్దాం.

కుష్ఠు ఎలా వస్తుంది?

దామియన్ కలావుపాపాలో దిగిన ఆ 1873లోనే నార్వే దేశంలో హాన్సెన్ అనే డాక్టరు ఒక సంగతి కనిపెట్టారు. కుష్ఠుకు కారణం ఒక సూక్ష్మజీవి. కంటికి కనబడదు. శాపం కాదు. పూర్వజన్మ పాపం కాదు. తల్లిదండ్రుల రక్తంలోంచి వచ్చేది కాదు.

మందు వాడని రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు తుంపరలతో ఆ సూక్ష్మజీవి బయటికి వస్తుంది. చాలా కాలం దగ్గరగా ఉన్నవాళ్లకే సోకుతుంది. సోకినా అందరికీ జబ్బు రాదు. నూటికి 95 మందికి దాన్ని తట్టుకునే శక్తి ఒంట్లోనే ఉంటుంది. చెయ్యి కలిపితే రాదు. పక్కన కూర్చుంటే రాదు. జబ్బు బయటపడడానికి కొన్నేళ్లు పడుతుంది. ఒక్కోసారి 20 ఏళ్లు కూడా పడుతుంది.

ఈ సూక్ష్మజీవి నరాలను పట్టుకుంటుంది. నరం దెబ్బతింటే స్పర్శ పోతుంది. వేడి తెలియదు. ముల్లు గుచ్చినా తెలియదు. గాయమైనా నొప్పి ఉండదు. నొప్పి లేదు గనక మనిషి పట్టించుకోడు. గాయం పుండవుతుంది. పుండు ఎముక దాకా పోతుంది. వేళ్లు అలా పోతాయి. జబ్బు వేళ్లను తినేయదు. స్పర్శ లేకపోవడం వల్ల పోతాయి. దామియన్ పాదం సంగతి అదే.

మందు ఉంది

1940ల నుంచి కుష్ఠుకు మందులు వచ్చాయి. 1955లో బెల్జియం నుంచే ఒక డాక్టరు మన దేశం వచ్చారు. ఆయన పేరు హెమెరిక్స్. తమిళనాడులో పోలంబాక్కం అనే ఊళ్లో పని మొదలుపెట్టారు. రోగులను ఆసుపత్రిలో బంధించలేదు. బండి కట్టుకుని ఊరూరా తిరిగారు. చెట్ల కింద కూర్చుని మందు ఇచ్చారు. రోగి ఇంట్లోనే, పిల్లల మధ్యే ఉన్నాడు. తర్వాత బెల్జియంలో దామియన్ పేరుతో ఒక సంస్థ ఏర్పడింది. మన నెల్లూరులో కూడా ఆ సంస్థ కుష్ఠు, క్షయ రోగులకు వైద్యం చేసింది.

గాంధీ గారి సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 1939లో పర్చురే శాస్త్రి అనే పండితుడు కుష్ఠుతో సేవాగ్రామ్ ఆశ్రమానికి వచ్చాడు. గాంధీ ఆయన్ను ఉంచుకున్నారు. పుండ్లు తనే కడిగారు. అందుకే గాంధీ గారి వర్ధంతి జనవరి 30ని మన దేశంలో కుష్ఠు నివారణ దినంగా జరుపుతారు.

1981 నుంచి ఇంకా మంచి వైద్యం వచ్చింది. కొన్ని మందులు కలిపి వాడతారు. ఒక మందు నుంచి సూక్ష్మజీవి తప్పించుకున్నా ఇంకొకటి చంపుతుంది. మచ్చలు 5 లోపు ఉంటే 6 నెలలు. అంతకన్నా ఎక్కువ ఉంటే 12 నెలలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మందు మొదలు పెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇతరులకు సోకదు. కాబట్టి వేరే గది అక్కర్లేదు. వేరే కంచం అక్కర్లేదు. తల్లి బిడ్డకు పాలు ఇవ్వవచ్చు.

మచ్చ కనబడితే

ఒంటి మీద తెల్లగా గానీ, కాస్త ఎర్రగా గానీ మచ్చ ఉందా? అక్కడ గిల్లితే తెలియడం లేదా? చేతులు, కాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయా? చెవి తమ్మెలు, ముఖం దళసరి అవుతున్నాయా? కనురెప్ప సరిగా మూతపడడం లేదా? ఆలస్యం చేయవద్దు. ఆశా కార్యకర్తకు చెప్పండి. లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ప్రతి మచ్చా కుష్ఠు కాదు. పరీక్ష చేసి వాళ్లే చెబుతారు.

ఆడవాళ్లు మచ్చను చీర కొంగు కింద దాస్తారు. అత్తింట్లో తెలిస్తే ఏమంటారోనని భయం. కూతురి పెళ్లి ఆగిపోతుందేమోనని భయం. ఆ భయం వల్లనే నెలలు గడిచిపోతాయి. తొందరగా మందు వాడితే ఒక్క వేలు కూడా వంకర పోదు. మచ్చ దాస్తే జబ్బు దాగదు, అవిటితనంగా బయటపడుతుంది.

మందు వేసుకున్నప్పుడు మూత్రం ఎర్రగా రావచ్చు. ఒళ్లు నల్లబడవచ్చు. బెదరవద్దు. మానేయవద్దు. మందు పూర్తయ్యాక రంగు మెల్లగా మామూలవుతుంది. వేరే బాధ ఏదైనా ఉంటే డాక్టరుకు చెప్పండి.

స్పర్శ పోయిన చేతులతో పొయ్యి దగ్గర జాగ్రత్త. వేడి గిన్నెను ఉత్త చేత్తో దించవద్దు. మసిగుడ్డ గానీ, పట్టకారు గానీ వాడాలి. రోజూ పాదాలను నీళ్లలో నానబెట్టి, నూనె రాయాలి. గాయాలు ఉన్నాయేమో చూసుకోవాలి. చెప్పులు లేకుండా నడవకూడదు. మెత్తటి రబ్బరు చెప్పులు ఆసుపత్రిలో ఇస్తారు.

చట్టం కూడా మారింది

మన దేశంలో కూడా కుష్ఠు రోగులను బంధించే చట్టం ఉండేది. అది 1898లో ఇంగ్లీషు వాళ్లు చేసింది. 2016లో దాన్ని రద్దు చేశారు. ఇంకొకటి. ఒకప్పుడు భార్యకు కుష్ఠు ఉందని చెప్పి భర్త విడాకులు అడగవచ్చు. భర్తకు ఉందని భార్య అడగవచ్చు. 2019లో పార్లమెంటు ఆ మాటను చట్టాల్లోంచి తీసేసింది. కుష్ఠు కారణంగా ఇప్పుడు విడాకులు ఇవ్వరు. ఈ సంగతి తెలియక ఎందరో భయపడుతున్నారు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పాలి.

దామియన్ దగ్గర మందు లేదు. కట్లు కట్టడానికి గుడ్డ కూడా చాలేది కాదు. అయినా రోగి పక్కన కూర్చున్నారు. ఇప్పుడు మందు ఉంది, అదీ ఉచితంగా ఉంది. పక్కన కూర్చునే మనిషి కావాలి. ఇరుగుపొరుగులో ఎవరికైనా మచ్చ కనబడితే వెలివేయకండి. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆలోచించండి - చెప్పండి

1. దామియన్ పాదానికి వేడి ఎందుకు తెలియలేదు?
2. హవాయి జనం కుష్ఠును 'వేరు చేసే జబ్బు' అని ఎందుకు అన్నారు?
3. మదర్ మరియాన్ సిస్టర్లకు జబ్బు రాకుండా ఏ జాగ్రత్తలు తీసుకున్నారు?
4. కుష్ఠు మందు ఎన్ని నెలలు వాడాలి? ఎక్కడ దొరుకుతుంది?
5. మీ వాడలో ఒక అక్క మచ్చను దాచుకుంటోంది. ఆమెకు మీరు ఏం చెబుతారు?

కొత్త మాటలు

ఆంక్ష - కట్టడి, ఇలా చేయకూడదనే ఆజ్ఞ
స్పర్శ - తాకితే తెలియడం
సూక్ష్మజీవి - కంటికి కనబడని చిన్న పురుగు
పునీతుడు - పవిత్రుడని కాథలిక్కు సభ ప్రకటించిన మనిషి
వర్ధంతి - చనిపోయిన రోజు
రద్దు - లేకుండా చేయడం